యూరియా కలిసిన క్రీము కాళ్ళకు రాయవచ్చా? పేరు చూసి బెదిరే ముందు చేయవలసిన పరిశీలన

డిసెంబరులో నరసరావుపేట దగ్గరి మా ఊరి నుంచి అమ్మ బెంగళూరు వచ్చింది. ఇక్కడి పొడి చలికి వారం తిరగకముందే ఆమె మడమలు బీటలు వారి, దుప్పటి దారాలు కూడా ఆ పగుళ్ళలో చిక్కుకుని లాగడం మొదలుపెట్టాయి. మారతహళ్ళిలో మా వీధి చివరి మందుల దుకాణం నుంచి ఒక ట్యూబు తెచ్చి ఇచ్చాను. మా అమ్మాయి పెట్టె మీది అక్షరాలను పైకి చదువుతుండగా మూడో పేరు దగ్గర అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. “ఆగు, యూరియానా? పొలంలో జల్లేది కాళ్ళకి రాసుకుంటే మాడిపోవూ?” అంది. ట్యూబు మూత తీయకుండానే కిటికీ గట్టు మీదికి చేరింది.

అదే వారంలో మా పక్క భవనంలోని పీజీలో ఉండే నంద్యాల అమ్మాయి ఒక మాయిశ్చరైజర్ సీసా పట్టుకుని వచ్చింది. “అక్కా, దీంట్లో మిథైల్‌పారాబెన్ ఉందంట. క్యాన్సర్ వస్తాదని వీడియోలో చెప్పినారు. పారేసేదా?” అని అడిగింది. పారాబెన్లంటే క్రీము చెడకుండా కలిపే ప్రిజర్వేటివ్‌లు. ఆ సీసా మీద తయారీదారు చిరునామా, లైసెన్సు సంఖ్య, పదార్థాల పట్టిక అన్నీ సక్రమంగా ఉన్నాయి. అయితే మాటల మధ్య తెలిసిందేమిటంటే, ఆమె రెండు నెలలుగా ప్రతి రాత్రీ ముఖానికి రాసుకుంటున్నది మెజెస్టిక్ దగ్గర ఒక కొట్లో కొన్న చిన్న డబ్బాలోని లేత పసుపు క్రీము. డబ్బా మీద ఒక పువ్వు బొమ్మా, ఏడు రోజుల్లో తెల్లబడతారన్న హామీ తప్ప మరేమీ అచ్చు వేసి లేదు. ఎండలోకి వెళితే బుగ్గలు మండుతున్నాయనీ, రాయడం మానిన నాలుగో రోజుకే ముఖమంతా పొక్కులు లేస్తున్నాయనీ ఆమే చెప్పింది. ఆ డబ్బా మీద మాత్రం ఆమెకు ఏ అనుమానమూ లేదు.

నేను మందుల తయారీ సంస్థలలో నాణ్యతా పరీక్షల విభాగంలో చాలాకాలం పనిచేశాను. పట్టికలో కనిపించే పొడవాటి పేరు మనల్ని బెదిరిస్తుంది. పట్టికే లేని డబ్బా బెదిరించదు. కింద చెప్పే పనులను ఈ వరుసలోనే చేయమని అడగడానికి కారణం అదే.

మొదటి పని: పదార్థాల కన్నా ముందు డబ్బాను పరిశీలించండి

మన దేశంలో సౌందర్య సాధనాలు 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం కిందకు, దాని కింద రూపొందిన 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల కిందకు వస్తాయి. వాటి ప్రకారం డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, ఏ తేదీలోగా వాడాలన్న వివరం, పదార్థాల పట్టిక ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ సంఖ్య కనిపించాలి. 30 గ్రాముల లోపు క్రీములకు, 60 మిల్లీలీటర్ల లోపు ద్రవాలకు పదార్థాల పట్టిక విషయంలో సడలింపు ఉంది కనుక, చిన్న డబ్బా మీద పట్టిక లేనంత మాత్రాన దాన్ని దొంగసరుకని తేల్చకండి. చిరునామా, లైసెన్సు సంఖ్య కూడా లేకపోతే మాత్రం అక్కడితో మీ పరిశీలన ముగిసినట్టే. ఆ క్రీములో ఏ పదార్థం మంచిది, ఏది చెడ్డది అన్న చర్చే అనవసరం, ఎందుకంటే అందులో ఏముందో చెప్పే బాధ్యత ఎవరూ తీసుకోలేదు.

ఇలాంటి డబ్బాలలో సాధారణంగా దొరికే రెండు పదార్థాలను గుర్తుంచుకోవాలి. ఒకటి పాదరసం. అది చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది కనుక రంగు తగ్గినట్టు నిజంగానే కనిపిస్తుంది. చర్మం గుండా లోపలికి చేరి మూత్రపిండాలను, నాడీమండలాన్ని దెబ్బ తీస్తుంది. 2020 నాటి మన నిబంధనల ప్రకారం కంటి చుట్టూ వాడే సాధనాలలో పది లక్షల్లో 70 వంతులకు మించి, మిగిలిన వాటిలో అనుకోకుండా చేరిన పాదరసం సైతం పది లక్షల్లో ఒక వంతుకు మించి ఉండకూడదు. దీన్ని ఊహాజనితమైన భయమని కొట్టివేయడానికి లేదు. కేరళలోని కొట్టక్కల్ వైద్యులు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు వరకు తమ వద్దకు వచ్చిన మెంబ్రేనస్ నెఫ్రోపతి అనే మూత్రపిండాల జబ్బు రోగులు 22 మందిని పరిశీలించగా, వారిలో 15 మందికి నెల్-1 అనే ప్రోటీన్‌తో ముడిపడిన రకం జబ్బు ఉన్నదనీ, ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడుతున్నారనీ తేలింది. కాళ్ళు వాయడం, మూత్రం నురగగా పోవడం ఈ జబ్బు లక్షణాలు. క్రీము రాసుకునే మనిషికి అవి క్రీముకు సంబంధించినవని తోచనే తోచదు. ఇంట్లో ఒకరు రాసుకుంటే తువ్వాళ్ళ ద్వారా, చేతి స్పర్శ ద్వారా పిల్లలకూ పాదరసం అంటుతుంది.

పాదరసం పట్టికలో ఉంటే కాలోమెల్, మెర్క్యురిక్ అయొడైడ్, అమ్మోనియేటెడ్ మెర్క్యురీ వంటి పేర్లతో ఉంటుంది. చాలాసార్లు అసలు ఉండదు. బంగారు, వెండి నగలకు తగలనివ్వవద్దని డబ్బా మీద హెచ్చరిక ఉంటే అనుమానించండి. పాదరసం బంగారంతో కలిసిపోతుందని కంసాలులందరికీ తెలుసు. చర్మానికి రాసే క్రీముకు ఉంగరంతో పేచీ ఎందుకు రావాలి?

రెండవది స్టెరాయిడ్. బీటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ అనేవి చర్మవ్యాధులకు వైద్యుడు రోజులు లెక్కపెట్టి ఇచ్చే మందులు. వీటిలో ఒకదానికి హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ అనే మందులు కలిపి తయారుచేసిన ట్యూబులను మన వాళ్ళు నలుపు మచ్చలకని, పెళ్ళిచూపులకని సొంతంగా కొని నెలల తరబడి రాస్తున్నారు. మొదటి మూడు వారాలు ముఖం నున్నగా, తెల్లగా మెరుస్తుంది. ఆ తరువాత చర్మం పలుచబడి, బుగ్గల మీద వెంట్రుక మందం ఎర్రటి రక్తనాళాలు బయటపడతాయి, నూగు పెరుగుతుంది, ఎండ సోకితే మంట పుడుతుంది, మానితే పొక్కులు తిరగబడతాయి. ఈ స్థితిని మన దేశపు చర్మవైద్యులు స్టెరాయిడ్ వల్ల చెడిన ముఖమని ప్రత్యేకంగా పేరు పెట్టి పిలుస్తున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది కనుక చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు. ట్యూబు మీద నిలువుగా ఎర్ర గీత, ఆర్ఎక్స్ గుర్తు ఉంటే అది సౌందర్య సాధనం కాదని అర్థం చేసుకోండి.

నంద్యాల అమ్మాయి వర్ణించిన లక్షణాలు అక్షరాలా ఇవే. అటువంటి క్రీమును ఒక్కసారిగా పారేస్తే ముఖం మరింత ఎర్రబారి, ఆ బాధ తట్టుకోలేక మళ్ళీ అదే డబ్బా వెతుక్కునే వారు ఎక్కువ. కాబట్టి డబ్బాతో సహా చర్మవైద్యుల దగ్గరకు వెళ్ళండి. శివాజీనగర్ దగ్గరి బౌరింగ్ ఆసుపత్రిలో, సిటీ మార్కెట్ దగ్గరి విక్టోరియా ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి. రుసుము గురించి వెనకాడవలసిన పని లేదు. స్టెరాయిడ్ మందు వల్ల కలిగిన హానిని మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమానికి 1800-180-3024 అనే ఉచిత సంఖ్యలో తెలియజేయవచ్చు. పట్టికలో లేని స్టెరాయిడ్ కలిసిందని అనుమానమైతే డబ్బా, కొన్న రసీదు దాచి రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

రెండవ పని: పేరుకు అర్థం తెలుసుకోండి

డబ్బా సక్రమమైనదని తేలాక పట్టికకు రండి. ఇందులోని పేర్లు ప్రపంచమంతటా ఒకే విధంగా ఉండాలన్న ఉద్దేశంతో లాటిన్‌లో, రసాయన పరిభాషలో రాస్తారు. ఆక్వా అంటే నీళ్ళు. టోకోఫెరాల్ అంటే విటమిన్ ఇ. సయనోకోబాలమిన్ అన్న పేరులో సైనైడ్ ధ్వనించినా అది శాకాహారులకు డాక్టర్లు రాసే బి12. లాక్టిక్ ఆమ్లం పెరుగుకు పులుపునిచ్చే ఆమ్లమే. ఉచ్చరించడానికి కష్టంగా ఉన్నది ఒంటికి పనికిరాదన్న సూత్రం ప్రకారం పోతే మనం పెరుగన్నం కూడా తినలేము.

అమ్మ అడిగిన యూరియా సంగతి కొంచెం వివరంగా చూడాలి. మన శరీరం ప్రోటీన్లను జీర్ణించుకున్నాక యూరియాను తయారుచేసి మూత్రంలో విసర్జిస్తుంది. చర్మపు పై పొరలో తేమను పట్టి ఉంచే సహజ పదార్థాల సముదాయంలో దాదాపు 7 శాతం యూరియాయే. 1828లో ఫ్రీడ్రిక్ వోలర్ అనే జర్మన్ రసాయనవేత్త ప్రయోగశాలలో, ఏ జంతువు ప్రమేయమూ లేకుండా, అమ్మోనియం సయనేట్ నుంచి దీన్ని తయారుచేశాడు. జీవుల దేహంలో పుట్టే పదార్థాన్ని మనిషి కృత్రిమంగా చేయలేడన్న అప్పటి నమ్మకం దానితో సడలింది. దేహంలో పుట్టిన యూరియాకూ గాజుపాత్రలో పుట్టిన యూరియాకూ అణువులో తేడా లేదు. బస్తాలోని యూరియా కూడా అణువు వరకు అదే.

తేడా మూడు చోట్ల ఉంది. ఒకటి పరిమాణం: 5 నుంచి 10 శాతం యూరియా తేమను నిలుపుతుంది, 20 శాతం దాటి 40 దాకా పోతే గట్టిపడిన చర్మాన్ని కరిగించి ఊడదీస్తుంది. రెండవది శుద్ధి: ఎరువు యూరియాలో బైయురెట్ వంటి మలినాలు, పైన పూసిన వేపనూనె ఉంటాయి; చర్మానికి వాడే యూరియాను వేరే ప్రమాణానికి శుద్ధి చేస్తారు. మూడవది రాసే చోటు: మడమకు హాయినిచ్చే 25 శాతం క్రీము కంటి కింద రాస్తే మంట పెడుతుంది. ముడి చమురు నుంచి వచ్చే పెట్రోలియం జెల్లీ విషయంలోనూ ఇంతే. హాని చేయగల మలినాలను తీసివేసిన తెల్లటి జెల్లీని ఆసుపత్రులలో గాయాలకే వాడతారు. షెడ్డులో బేరింగులకు పూసే గ్రీజును ఎవరూ పెదవులకు రాయరు. కనుక “ఇందులో ఫలానాది ఉందట” అన్న మాట విన్నప్పుడల్లా ఎంత ఉంది, ఎంత శుద్ధమైనది, ఎక్కడ రాస్తాము అని అడగడం అలవాటు చేసుకోండి.

ఎంత ఉందన్నది పట్టిక వరుస నుంచి కొంతవరకు ఊహించవచ్చు. ఒక శాతానికి మించిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. ఒక శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని చివరలో ఏ క్రమంలోనైనా రాయవచ్చు. ఫీనాక్సీఎథనాల్ అనే ప్రిజర్వేటివ్‌కు ఐరోపాలో పరిమితి ఒక శాతం. దాని పేరు తరువాత కనిపించే కుంకుమపువ్వు, ముత్యం, బంగారు భస్మం ఎన్ని ఉన్నా చిటికెడుకు మించి ఉండవని భావించవచ్చు. ఈ లెక్క భయాలను తగ్గించడానికి ఎంత పనికి వస్తుందో, గొప్పలను తగ్గించడానికీ అంతే పనికి వస్తుంది.

మూడవ పని: హాని చేయగల గుణాన్ని, హాని జరిగే అవకాశాన్ని వేరుచేయండి

క్యాన్సర్ భయాలలో ఎక్కువ భాగం ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ జాబితాల నుంచి పుడతాయి. ఆ జాబితా ఒక పదార్థం ఏదో ఒక పరిస్థితిలో క్యాన్సర్ కలిగించగలదనడానికి సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతుంది. మీరు రాసుకునే పరిమాణంలో అది ఎంత ప్రమాదమో చెప్పదు. సూర్యరశ్మి, మద్యం ‘ఖాయంగా’ అనే మొదటి వర్గంలో ఉన్నాయి. మాంసాహారులు ఆదివారం వండుకునే వేటమాంసం ‘బహుశా’ అనే 2ఎ వర్గంలో ఉంది. కలబంద ఆకును తొక్కతో సహా పిండి తీసిన సారం ‘కావచ్చు’ అనే 2బి వర్గంలో ఉంది. తొక్క తీసిన గుజ్జును ముఖానికి రాసుకోవడానికీ ఆ నిర్ణయానికీ సంబంధం తక్కువ, ఎందుకంటే అది ఎలుకలకు నీళ్ళలో కలిపి తాగించిన ప్రయోగాల మీద ఆధారపడింది.

శరీరంలోకి చేరే దారి కూడా ముఖ్యమే. టైటానియం డయాక్సైడ్ 2బి వర్గంలో చేరింది పొడిగా ఊపిరితిత్తుల్లోకి పోయినప్పటి సాక్ష్యం వల్ల. క్రీములో తడిగా ఉన్న అదే పదార్థం గాలిలోకి లేవదు. కాబట్టి సన్‌స్క్రీన్ క్రీముకు బెదరవలసిన పని లేదు, అదే సన్‌స్క్రీన్ స్ప్రే అయితే నేరుగా ముఖం మీదికి చిమ్మకుండా అరచేతిలోకి తీసుకుని రాయండి.

ఇక్కడే మన ఇళ్ళలోని ఒక అలవాటు గురించి చెప్పాలి. పసిబిడ్డకు స్నానం చేయించి, సాంబ్రాణి పట్టి, గుండెల మీదా మెడ మడతల్లోనూ పౌడరు దట్టంగా అద్దడం మనకు ఆనవాయితీ. ఆ పౌడరులో వాడే టాల్కమ్ అనే ఖనిజాన్ని 2024లో 2ఎ వర్గంలో చేర్చారు. గనిలో దాని పక్కనే క్యాన్సర్ కారకమైన ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉండడం వల్ల ఆ ఖనిజం గురించి చాలాకాలంగా వివాదం ఉంది. అయితే క్యాన్సర్ మాట పక్కన పెట్టినా, పౌడరు పొగలా లేచి పసివాడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఆ క్షణంలోనే ప్రమాదం. శిశువైద్యులు పౌడరు వద్దని చెప్పేది ముందుగా ఇందుకే. బిడ్డ మెడ మడతలను మెత్తటి బట్టతో తుడిచి ఆరనిస్తే చాలు.

నాలుగవ పని: వదంతి మొదలైన చోటికి వెళ్ళండి

పారాబెన్ల కథ దీనికి మంచి పాఠం. 2004లో బ్రిటన్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 20 రొమ్ము కణుతులలో పారాబెన్ల ఆనవాళ్ళు ఉన్నాయని ప్రకటించారు. పక్కనున్న ఆరోగ్యకరమైన కణజాలంలో ఎంత ఉందో వారు కొలవలేదు. పారాబెన్ల వల్లనే కణుతులు వచ్చాయని ఆ పత్రం నిరూపించనూ లేదు. పారాబెన్లు ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోనులా ప్రవర్తిస్తాయన్నది నిజమే, కాని శరీరంలోని ఈస్ట్రోజన్‌తో పోలిస్తే ఆ గుణం వేల రెట్లు బలహీనమైనది. ఈ రెండు ముక్కలూ కలిసి, మూల పత్రంలోని జాగ్రత్తలన్నీ రాలిపోయి, “పారాబెన్ అంటే క్యాన్సర్” అన్న ఒక్క వాక్యంగా మన ఫోన్లకు చేరింది.

“ఐరోపాలో నిషేధించారు కదా” అని మీరు అడగవచ్చు. నిషేధించినవి ఏవో చూడండి. 2014లో ఐరోపా సమాఖ్య ఐసోప్రొపైల్, ఐసోబ్యూటైల్, ఫీనైల్, బెంజైల్, పెంటైల్ అనే అయిదు రకాలను తీసివేసింది, వాటి భద్రతను పరీక్షించడానికి తగిన సమాచారాన్ని కంపెనీలు సమర్పించకపోవడం వల్ల. ప్రొపైల్, బ్యూటైల్ రకాలకు రెండూ కలిపి 0.14 శాతం అని హద్దు పెట్టి, మూడేళ్ళ లోపు పిల్లలకు డైపరు కట్టే చోట రాసి వదిలేసే క్రీములలో వద్దన్నది. మిథైల్, ఎథైల్ రకాలను ఒక్కొక్కటి 0.4 శాతం వరకు అనుమతించింది. పీజీ అమ్మాయి సీసాలో ఉన్నది మిథైల్ రకం. నిషేధం అన్న మాట విన్నప్పుడు ఏ రకానికి, ఎంత పరిమాణానికి, ఏ వయసు వారికి అని అడిగితే సగం భయం అక్కడే తేలిపోతుంది. మిగిలిన సగంలో పనికివచ్చే జాగ్రత్త ఏదైనా ఉంటే అది చేతికి చిక్కుతుంది. చంటిబిడ్డ డైపరు క్రీములో ప్రొపైల్‌పారాబెన్ ఉంటే నేనూ వేరేది చూస్తాను.

ఈ భయానికి మూల్యం చెల్లించిన వారిలో నేనూ ఒకతెను. పారాబెన్లు తీసేస్తే నీళ్ళున్న క్రీము బూజు పడుతుంది కనుక కంపెనీలు వాటి స్థానంలో వేరేవి వాడక తప్పలేదు. అలా వాడకం పెరిగిన వాటిలో మిథైల్ ఐసోథయాజోలినోన్ ఒకటి. ఐరోపాలో 2005లో దాన్ని విడిగా వాడడానికి అనుమతించిన తరువాత ఎలర్జీ కేసులు ఎంతగా పెరిగాయంటే, అమెరికాలోని కాంటాక్ట్ డెర్మటైటిస్ (చర్మానికి తగిలిన పదార్థం వల్ల వచ్చే వాపు, దురద) వైద్యుల సంఘం దాన్ని 2013 సంవత్సరపు ఎలర్జీకారకంగా ప్రకటించింది. 2017లో రాసి వదిలేసే క్రీముల నుంచి ఐరోపా దాన్ని పూర్తిగా తొలగించింది. నేను ‘పారాబెన్ రహితం’ అన్న ఆకుపచ్చ ముద్ర చూసి కొన్న తడి తుడుపుల వల్ల నా వేళ్ళ సందుల్లో నీటిపొక్కులు లేచి, చర్మం పొలుసులుగా రాలి, ఉప్పు తగిలితే ప్రాణం పోయేంత మంటగా ఉండేది. ఆవకాయ కలిపే రోజుల్లో నెల పాటు చేతికి తొడుగులు వేసుకుని వంట చేశాను. చర్మవైద్యురాలు వీపు మీద బిళ్ళలు అంటించి 48 గంటలకు, మళ్ళీ 96 గంటలకు చూసి ఆ పదార్థాన్ని పట్టుకున్నారు. అదే అమెరికా సంఘం 2019లో పారాబెన్లను ‘ఎలర్జీ కలిగించనివి’ అన్న గౌరవంతో ఆ ఏటి పదార్థంగా ఎంచింది. అప్పటి నుంచి ‘రహితం’ అన్న ముద్ర కనిపిస్తే, దాని బదులు ఏం పెట్టారో వెనక్కి తిప్పి చూడనిదే కొనడం లేదు.

అయిదవ పని: ఇంటి వైద్యానికీ ఇవే ప్రశ్నలు వేయండి

వంటింట్లో దొరికేది కనుక హాని చేయదన్న నమ్మకాన్ని కూడా పరీక్షకు నిలబెట్టాలి. చర్మం సహజంగా కొంచెం ఆమ్లగుణంతో, దాదాపు 5 పీహెచ్ దగ్గర ఉంటుంది (పీహెచ్ అంకె తగ్గేకొద్దీ ఆమ్లగుణం ఎక్కువ). నిమ్మరసం 2 దగ్గర, వంటసోడా 8 పైన ఉంటాయి. ఒకటి రాసి ఇంకొకదానితో కడిగితే చర్మపు కవచం దెబ్బతింటుంది. పచ్చి నిమ్మలో ఎండతో కలిసి చర్మాన్ని కాల్చే పదార్థాలు కూడా ఉన్నాయి. ముఖానికి రుద్దుకుని మేడ మీద బట్టలు ఆరేయడానికి వెళితే, తగ్గించుకోవాలనుకున్న మచ్చ నల్లబడి నెలలు ఉంటుంది. పసుపుకు ఎలర్జీ అరుదు గాని లేకపోలేదు. పసుపు, సున్నంతో చేసిన పాతకాలపు కుంకుమ వేరు, రంగులు కలిపిన బజారు కుంకుమ వేరు; రెండో దానివల్ల నుదుట నల్ల మచ్చ పడుతుంది. బొట్టు బిళ్ళల జిగురులోని పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ కొందరికి సరిగ్గా బొట్టు ఆకారంలో తెల్లమచ్చ తెస్తుంది. అలా కనిపిస్తే చోటు మార్చి పెట్టుకోవడం మందు కాదు, బిళ్ళలు మానాలి.

గోరింటాకు ఎర్రగా పండుతుంది, నల్లగా పండదు. గంటలో నల్లగా పండే కోనులోనూ, ‘హెర్బల్’ అన్న పేరుతో అమ్మే నల్ల హెన్నాలోనూ జుట్టు రంగుకు వాడే పారాఫినైలిన్‌డయమిన్ ఉండవచ్చు. దానికి ఒకసారి ఎలర్జీ ఏర్పడితే జీవితాంతం ఉంటుంది.

ఆరవ పని: మీ చర్మాన్ని అడగండి

పుస్తకంలో భద్రమన్నది మీ చర్మానికి పడకపోవచ్చు. కొత్త క్రీమును మోచేతి మడత దగ్గర రూపాయి బిళ్ళంత మేర రోజుకు రెండుసార్లు చొప్పున ఏడు నుంచి పది రోజులు రాయండి. చాలామంది ఒక్క రాత్రి చూసి సరేననుకుంటారు. ఎలర్జీ బయటపడడానికి రోజులు పడుతుంది. సబ్బు, షాంపూ వంటి కడిగేసే వాటిని మామూలుగా ఉంచేంతసేపే ఉంచి కడగండి. జుట్టు రంగు వేసే ముందు ప్రతిసారీ 48 గంటల ముందు పరీక్ష చేయాలి, గత ఏడాది పడింది కదా అని వదలకూడదు. రాసిన వెంటనే చురుక్కుమని పది నిమిషాలలో తగ్గితే అది చికాకు. రెండు రోజుల తరువాత దురదతో ఎర్రబడి, రాసిన చోటు దాటి పాకితే ఎలర్జీ. పెదవులు, కనురెప్పలు వాచినా, ఊపిరి అందకపోయినా పరీక్షల మాట వదిలి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

గర్భిణులు రెటినాల్, ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్ మానాలి. ఇక్కడ భయపడడమే సబబు; వైద్యులూ అదే చెబుతారు.

సన్‌స్క్రీన్ గురించి

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పరిశోధకులు 2019లో 24 మందికి, ఒంటిలో నాలుగింట మూడు వంతులు కప్పేలా, రోజుకు నాలుగుసార్లు, నాలుగు రోజుల పాటు సన్‌స్క్రీన్ రాసి రక్తాన్ని పరీక్షించారు. ఆక్సీబెంజోన్ వంటివి మిల్లీలీటరుకు 0.5 నానోగ్రాముల హద్దును దాటాయి. ఆ హద్దు దాటితే మరిన్ని పరీక్షలు చేయాలని అర్థం. హాని జరిగిందని కాదు. వాడడం మానవద్దని ఆ సంస్థే చెప్పింది. అయినా మనసు ఒప్పకపోతే జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవి ఎంచుకోండి; కొంచెం తెల్లగా పూసినట్టు కనిపిస్తుంది, అంతే. బెంగళూరు చల్లగా ఉంటుంది కనుక ఎండ లేదనుకోవడం మనం విజయవాడ నుంచి వెంట తెచ్చుకున్న పొరపాటు. ఈ ఊరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున ఉంది. ప్రతి వెయ్యి మీటర్లకూ అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది. వేడి తగలదు, చర్మం మాత్రం నల్లబడుతుంది.

నంద్యాల అమ్మాయి డబ్బాను వైద్యుల దగ్గరకు తీసుకువెళ్ళింది. మాయిశ్చరైజర్ సీసాను వాడుకోమన్నారు, డబ్బాను దాచి ఉంచమన్నారు. ముఖం కుదుటపడడానికి నెలలు పడుతుందని చెప్పారట.

అమ్మకు లెక్క కట్టి చెప్పాను. ట్యూబు 50 గ్రాములు, పది శాతం అంటే 5 గ్రాములు, ఒక చెంచాడు. “అంతేనా” అని ఆ రాత్రి రాసుకుంది. రాసిన మరుక్షణమే పగుళ్ళలో చురుక్కుమని కాలు వెనక్కి లాక్కుని, నేను చెప్పలేదా అన్నట్టు చూసింది. తప్పు నాదే. లోతుగా పగిలి పచ్చిగా ఉన్న చోట యూరియా మండుతుంది. ముందు నాలుగైదు రాత్రులు జెల్లీ పూసి మేజోళ్ళు తొడిగి, పగులు మూసుకున్నాక యూరియా క్రీము మొదలుపెట్టాలి. అల్మారా నుంచి జెల్లీ డబ్బా తీసి ఇచ్చాను. మా అమ్మాయి దాని మీది పేరును కూడా పైకి చదివింది. “పెట్రోలియం” దగ్గరకు వచ్చేసరికి అమ్మ చెయ్యి మళ్ళీ అడ్డం వచ్చింది.